దారాలత్త కుట్టిన కోటు

దారాలత్తకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దెయ్యాలకు మాత్రం ఆమె మీద గట్టి నమ్మకమే ఉన్నట్టుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక మనిషి ఆమెను అంటిపెట్టుకుని ఉంది. ఆ మనిషి భయపెట్టదు, పేరు పెట్టి పిలవదు. ట్రయల్ గదిలో అద్దం ముందు నిలబడి ఉంటుంది, అంతే. దారాలత్త తల వంచుకుని అంచు కుడుతూ ఉంటే, తెర వెనకాల ఎవరో ఎడమభుజం మీద గుడ్డ సర్దుకుంటున్న చప్పుడవుతుంది. లేచి వెళ్లి తెర తీస్తే అద్దంలో తన ముసలి మొహమే ఏం కావాలని అడుగుతున్నట్టు కనిపిస్తుంది. ఏమీ అక్కర్లేదని చెప్పి తిరిగొచ్చి కూర్చుంటుంది. చెవులకు వయసొచ్చిందని అనుకుందామంటే, పక్క వీధిలో ఎవరైనా తన మీద చాడీలు చెప్పినా ఆమెకు వినిపిస్తుంది.

ఆమె అసలు పేరు చెల్లెలికి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఎప్పుడు చూసినా భుజాల మీద, మోచేతుల మీద, ఒక్కోసారి కనుబొమల మీద కూడా దారప్పోగులు అంటుకుని ఉంటాయి కాబట్టి దారాలత్త అయింది. అరవై నాలుగేళ్లు. పెళ్లయిన నాలుగో ఏట భర్త పోయాడు, పిల్లలు లేరు. కొన్నాళ్లు చెల్లెలి ఇంట్లో ఉంది గానీ, చెల్లెలి నోరూ ఈమె నోరూ ఒక కప్పు కింద ఇమడలేదు. ఇప్పుడు పనిచేసే భవనానికి రెండు వీధుల అవతల ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. పొద్దున తొమ్మిదికి మూడంతస్తుల మెట్లెక్కి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే, మళ్లీ కదిలేది సాయంత్రం ఆరింటికే. ఆ గదిలో పన్నెండు మిషన్లు, ఒక పొడవాటి కత్తిరింపుల బల్ల, ఇస్త్రీ పెట్టె ఆవిరి, సుద్ద వాసన. కొత్తగా చేరినవాళ్లు ఎవరూ ఆమె చేత తిట్లు తినకుండా మొదటి వారం దాటలేదు. సూదిలో దారం ఎక్కించడం రాకపోయినా కబుర్లు మాత్రం గడగడా వస్తాయన్నది ఆమె రోజూ చదివే మంత్రం.

ఆ పనిగది యజమాని పేరున్న డిజైనర్. అందరికీ సారు, దారాలత్తకు మాత్రం 'ఒరేయ్'. యాభై ఒక్క ఏళ్ల మనిషిని, పేపర్లలో ఫొటోలు పడే మనిషిని, పదిమంది ముందు 'ఒరేయ్, తిన్నావా' అని అడగగలిగేది ఆమె ఒక్కతే. అతనికి పేరు తెచ్చింది ఒకే ఒక్క మాట. బట్ట ఒంటికి సరిపోవాలి గానీ ఒళ్లు బట్టకు సరిపోవడమేమిటన్నాడు. అతని ప్రదర్శనల్లో లావుపాటివాళ్లు నడుస్తారు, పొట్టివాళ్లు నడుస్తారు, ముసలివాళ్లు నడుస్తారు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ ఉంటారు. ఆడా మగా అని గీసిన గీతకు అటు ఉండాల్సినవాళ్లు ఇటూ, ఇటు ఉండాల్సినవాళ్లు అటూ, అసలా గీతే మాకొద్దనేవాళ్లూ దర్జాగా నడుస్తారు. తను మగవాళ్లనే ప్రేమిస్తానని అతను దాచలేదు. ఆ మాట చెప్పినందుకే పంతొమ్మిదో ఏట తండ్రి ఇంట్లోంచి గెంటేశాడు.

ఆ డిజైనర్ మీద ఇప్పుడు ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు. తీసేది ముప్పై ఏళ్ల అమ్మాయి. జుట్టు కురచగా కత్తిరించుకుని, నిండా జేబులున్న ప్యాంటు వేసుకుని, వెనకాల ఒక కెమెరామనిషితో వచ్చింది. మొదటిరోజే టీ తాగుతూ, తను ఇంకో అమ్మాయితో కాపురం చేస్తున్నానని మామూలుగా చెప్పేసింది. దారాలత్త ఆ మాటను రెండురోజులు నమిలి, మూడోరోజు "మరి వంట ఎవరు చేస్తారమ్మా?" అని అడిగింది. ఇద్దరికీ రాదని తెలిశాక గానీ ఆమెకు ఆ కాపురం గురించి దిగులు పట్టుకోలేదు.

ఆ అమ్మాయికి దారాలత్తతో పని పడింది ఒక కోటు కోసం. కోటు సంగతి చెప్పాలంటే ముందు పొడుగమ్మ సంగతి చెప్పాలి.

అప్పట్లో దారాలత్త వేరే వీధిలో ఒక పాత దర్జీ కొట్లో పనిచేసేది. పొడుగమ్మ పనిచేసిందీ అక్కడే. కొడుకు పుట్టాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఆమె మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ అలా అనుకోలేదు. ఇరవై నాలుగో ఏట ఇల్లు వదిలి, తన బట్టలు తనే కుట్టుకుని, ఆడమనిషిగా ఆ కొట్టు మెట్లెక్కి పని అడిగింది. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు. ఎడమభుజం కుడిదానికంటే వేలెడు కిందికి ఉండేది. కొట్టు యజమాని, అందరూ పెద్దమాస్టరనే ఆయన, 'ఒరేయ్ పొడుగూ' అని ఎన్నిసార్లు కేకేసినా పలికేది కాదు. చెవుడేమోనని ఆయన కొన్నాళ్లు జాలిపడ్డాడు కూడా. 'పొడుగమ్మా' అని దారాలత్త పిలిచిన రోజున 'ఏం వదినా' అంటూ నవ్వుతూ తిరిగింది. ఆ పేరే స్థిరపడింది. ఇద్దరూ పక్కపక్క మిషన్ల మీద ఏడేళ్లు కుట్టారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి పొడుగమ్మ. వచ్చిన గిరాకీలందరి నడకలూ చేసి చూపించేది. పెద్దమాస్టరు నడక చేసేటప్పుడు ఆయన వెనకే నిలబడి ఉన్నాడని ఒకసారి చూసుకోలేదు. ఆ రోజు ఆయన కూడా నవ్వాడు.

ఇంట్లోంచి గెంటేసిన కుర్రవాణ్ని, అంటే ఇప్పటి డిజైనర్‌ను, తన గదిలో పెట్టుకున్నదీ పొడుగమ్మే. చిరిగిన చొక్కా జేబు కుట్టించుకోవడానికి వచ్చి, జేబు కుట్టాక కూడా వెళ్లకుండా మెట్ల మీద కూర్చున్నాడు. ఎక్కడికని వెళతాడు. అక్కా అన్నాడు, తమ్ముడైపోయాడు. నాలుగేళ్లు అన్నం పెట్టింది, సూది పట్టడం నేర్పింది. అతను గీసిన మొదటి బట్టలన్నీ ఆమె ఒంటి మీదే పుట్టాయి. పగలంతా ఆమె పనిలో ఉంటుంది కాబట్టి ఆమె కొలతలకు ఒక బొమ్మ తయారు చేసుకున్నారు. మామూలు దర్జీ బొమ్మకు దూది చుట్టి, పైన గుడ్డ కప్పి, ఎడమభుజం దించి, ఆమె లోపల తొడుక్కునే దూదిమెత్తల ఎత్తు కూడా ఛాతీకి కలిపి దారాలత్తే చేతులారా చేసింది. ఆ బొమ్మ ఈ రోజుకీ మూడో అంతస్తులో కత్తిరింపుల బల్ల పక్కనే ఉంది. దారాలత్త ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చోదు.

పొడుగమ్మ ముప్పై ఒకటో ఏట జ్వరంతో పోయింది. ఊపిరి అందకపోయినా ఆసుపత్రికి రానని మొండికేసింది. అంతకు ముందొకసారి వెళితే మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు, పక్క మంచాలవాళ్లు రోజంతా నవ్వారు. చివరికి మోసుకెళ్లారు గానీ అప్పటికే పరిస్థితి చెయ్యి దాటిపోయింది. కాగితాల్లో ఉన్న పేరును బట్టి ఆసుపత్రివాళ్లు ఇంటికి కబురు పెట్టారు. ఏడేళ్లు తొంగి చూడనివాళ్లు ఏడుస్తూ వచ్చారు. జుట్టు కత్తిరించారు, గోళ్ల రంగు గీకేశారు, కొడుకును సాగనంపడానికి సిద్ధమయ్యారు. ఒక్క కోటే తక్కువైంది. అన్నగారి కోట్లేవీ ఆ పొడుగుకు రాలేదు. దర్జీ కొట్లో పనిచేసినవాడికి ఒక కోటు కుట్టలేరా అంటూ అన్నగారు నేరుగా పెద్దమాస్టరు దగ్గరికే వచ్చాడు. పెద్దమాస్టరు గుడ్డ తీసి దారాలత్త చేతిలో పెట్టాడు, ఆ కొలతలు ఆమెకు నోటికి వచ్చు కాబట్టి.

ఇక్కణ్ణించి డిజైనర్ చెప్పే కథ ఇలా ఉంటుంది. దారాలత్త వాళ్లడిగినట్టే కోటు కుట్టింది. కానీ ఎవరికీ చెప్పకుండా ఛాతీ కింద రెండు వైపులా డాట్లు వేసింది. గుడ్డను సన్నగా మడిచి లోపలివైపు కుట్టేస్తే పైన రొమ్ముకు చోటు వస్తుంది, ఆ మడత కుట్టే డాటు. మగకోటుకు అలాంటిది వేయరు. వాళ్లు కొడుకును పంపుతున్నామనుకున్నారు, దారాలత్త మాత్రం పొడుగమ్మను పొడుగమ్మలాగే పంపింది. అతణ్ని మాత్రం ఆ ఇంటి గేటు దగ్గరే ఆపేశారు. తెరిచి ఉన్న కిటికీలోంచి, ఆ కోటు ఛాతీ దగ్గర నిండుగా నిలబడి ఉండటం మాత్రం కళ్లారా చూశాడు. ఆ డాట్లతోనే తన పని మొదలైందని అతను ఎన్ని సభల్లో చెప్పాడో చెప్పలేం. చెప్పిన ప్రతిసారీ చప్పట్లే. పనిగదిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఆ కథ విని దారాలత్త వైపు భక్తిగా చూస్తారు. ఆమె కసురుకుంటుంది. పెద్దావిడకు పొగడ్తలు గిట్టవని వాళ్లు ఇంకాస్త మెచ్చుకుంటారు. తేలు కుట్టిన దొంగలా ఆమె నోరు మూసుకుని ఉంటుంది.

ఎందుకంటే జరిగింది వేరు. ఆ డాట్లు ఆమె కావాలని వేయలేదు. పొరపాటున పడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికి గుడ్డ చేతిలో పెట్టి ఐదింటికల్లా కోటు కావాలన్నారు. పొడుగమ్మ శరీరం మీద టేపు పెట్టే ధైర్యం లేక, బొమ్మ మీదే కొలతలు సరిచూసుకుంది. ఏడేళ్లుగా ఆ కొలతలకు ఏ బట్ట కత్తిరించినా ఛాతీ కింద డాటు పడాల్సిందే. చెయ్యి తన దారిన తను వేసుకుంటూ పోయింది. కొత్తగా నేర్చుకున్నవాళ్లయితే ఒకటికి నాలుగుసార్లు చూసుకునేవాళ్లు. చెయ్యి తిరిగిన మనిషి కాబట్టే దారాలత్త చూసుకోలేదు.

ఆ ఇంట్లో కోటు తొడిగినప్పుడు గానీ తెలియలేదు. లోపల దూదిమెత్తలు లేవు కదా. చదునైన ఛాతీ మీద కోటు రెండు వైపులా గుల్లగా, ఎత్తుగా నిలబడింది. అన్నగారు అరచేత్తో అదిమాడు. చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. మళ్లీ అదిమాడు, మళ్లీ లేచింది. గదిలో ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. అదేమిటో అందరికీ అర్థమైంది, తల్లికి కూడా అర్థమైంది. ఆ తల్లి లేచి వెళ్లి కిటికీ తెర లాగి, దారాలత్త వైపు తిరిగి, "కొంచెం సరిచేస్తావా అమ్మా" అంది.

సరిచేయనని అనొచ్చు. సూది తేలేదని అనొచ్చు. దర్జీ దగ్గర సూది లేదంటే ఎవరూ నమ్మరు, అయినా అనొచ్చు. అవేవీ దారాలత్త నోట రాలేదు. తన పనిలో తప్పు దొరికినందుకు ఆమె సిగ్గుపడింది. అదీ అసలు సంగతి. ఏడేళ్లు పక్కన కూర్చుని కుట్టిన మనిషి ప్రాణం పోయి పడుకుని ఉంటే, ఆ క్షణంలో ఆమెకు వచ్చింది దుఃఖం కాదు, నలుగురిలో కోటు చెడిందన్న సిగ్గు. పొరపాటైంది క్షమించండి అని, పక్కన కూర్చుని, రెండు డాట్లూ విప్పి, మిగులు గుడ్డ లోపలికి మడిచి, ఒంటి మీదే చేతికుట్టుతో చదును చేసింది. లేచి నిలబడి ఒకసారి చూసుకుంది కూడా. ఎక్కడా ముడత లేదు.

బయటికి వచ్చేటప్పుడు ఆ తల్లి చెయ్యి పట్టుకుని, "మా వాడు మీ దగ్గర బాగుండేవాడా?" అని అడిగింది. పాపం, ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. దారాలత్త "పని బాగా చేసేవాడండీ" అంది. ఏడేళ్ల పొడుగమ్మను ఆ ఒక్క ముక్కతో తను కూడా తీసి అవతల పారేసింది. ఆ మాట ఆమెకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. తింటున్నది అక్కడే ఆగిపోతుంది.

మర్నాడు పొద్దున ఆ కుర్రవాడు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. రెండురోజులుగా ఏమీ తినలేదు. అక్కను అక్కలాగా పంపింది నువ్వొక్కదానివే అత్తా అని వెక్కివెక్కి ఏడ్చాడు. కిటికీలోంచి అతను చూసింది తెర పడేవరకే. ఈ పూటకు వీడి ప్రాణం నిలబడితే చాలు, రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు ఇరవై ఎనిమిదేళ్లుగా రాలేదు. వచ్చింది ట్రయల్ గదిలో చప్పుడు.

ఇప్పుడు కెమెరా ముందు ఆ కథ ఆమె నోటితో చెప్పాలి. ఇన్నాళ్లూ వాడు చెబితే తను కసురుకుంది, అందులో తన అబద్ధం ఏమీ లేదని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇప్పుడు నోరు తెరిచి చెబితే అది సొంత అబద్ధం. నిజం చెబితే వాడు దూరమవుతాడు. నువ్వు తిన్నావా అని తిరిగి అడిగేవాడు ఈ లోకంలో ఆమెకు వాడొక్కడే. మోకాళ్లు పట్టేస్తే డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది వాడు. పొడుగమ్మ పోయాక ఇద్దరూ ఒకరికొకరు మిగిలింది ఆ కోటును నమ్ముకునే. అదే అబద్ధమని తేలితే తర్వాత వాడికి తనెవరు? ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి, సినిమాలో కనిపిస్తావట కదా, నలిగిన బట్టలు వేసుకెళ్లి మా పరువు తీయకు అంది. ఇంకోరోజైతే ఆమెకు తగిన సమాధానమే దొరికేది. ఆ రోజు ఊఁ అని పెట్టేసింది. రెండురోజులు ఆలోచించి, వాడు చెప్పినట్టే చెప్పేద్దామని నిశ్చయించుకుంది. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు, అతకడమే కదా తన వృత్తి.

మంగళవారం పదకొండు గంటలకు మిషన్లన్నీ ఆపించి, ఆడపిల్లలను కిందికి పంపారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం దారాలత్త ఎప్పుడూ ఎరగదు. తెర వెనకాల గుడ్డ సర్దుకున్న చప్పుడు ఈసారి మరీ దగ్గరగా వినిపించింది. చుట్టూ చూసింది. ఎవరూ తల తిప్పలేదు. కెమెరా పక్కన స్టూలు మీద డిజైనర్ కూర్చుని ఉన్నాడు. ఆ కథ తను వందసార్లు చెప్పాడు గానీ ఆమె చెబుతుండగా వినడం ఇదే మొదలు, అందుకని మొహం వెలిగిపోతోంది. ఆమె చూపు తిప్పుకుని కెమెరా వైపు చూసింది.

చెప్పింది. బాగానే చెప్పింది. గుమ్మంలో తల వంచుకుని వచ్చిన పొడుగమ్మను చెప్పింది, పెద్దమాస్టరు నడకను చెప్పింది. డిజైనర్ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. జ్వరం చెప్పింది, అన్నగారు రావడం చెప్పింది. డాట్ల దగ్గరికి వచ్చేసరికి కెమెరా అమ్మాయి ఆపింది. మాటల్లో వద్దు అత్తా, చేసి చూపించండి, ఆ బొమ్మ మీదే చూపించండి అని బతిమాలింది. నల్లగుడ్డ ముక్క కూడా ముందే తెప్పించి పెట్టుకుంది.

చూపిస్తే పోయేదేముంది అనుకుంది దారాలత్త. నోటికంటే చేతులే నయం, వాటికి మాటలు రావు. గుడ్డను బొమ్మ మీద పరిచి, భుజాల దగ్గర గుండుసూదులు గుచ్చి, సుద్దతో గీత గీసి, ఛాతీ కింద మడిచి, పొడవాటి కచ్చాకుట్లతో ఒక డాటు వేసింది. రెండోవైపూ వేసింది. ఆ, ఇలా వేశానమ్మా అంది. అక్కడితో ఆపాలి. చేతులు ఆగలేదు. సూదిమొనను కుట్టు కిందికి దూర్చి, ఒక్కొక్క పోగూ లేపుతూ విప్పడం మొదలుపెట్టాయి. రెండు డాట్లూ విప్పాయి. మిగులు గుడ్డను బొటనవేలితో లోపలికి తోసి చిన్న చిన్న చేతికుట్లు వేయసాగాయి, పడుకుని ఉన్న మనిషికి కుట్టేటట్టు, మొన కిందికి గుచ్చుకోకుండా సూదిని పక్కకు వాల్చి. ఈ బొమ్మకు ఛాతీ ఉంది. గుడ్డ చదును కానంటుంది, ఆమె అరచేత్తో అదుముతుంది. మళ్లీ అదుముతుంది. నాలుగు కుట్లు పడ్డాక గానీ తనేం చేస్తోందో ఆమెకు తెలియలేదు.

కెమెరా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. డిజైనర్ స్టూలు మీంచి లేచాడు. అతను కూడా దర్జీయే. మొదటిసారి చేసే పని ఎలా ఉంటుందో, ఒకసారి చేసిన పని ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

"అత్తా. అదెందుకు విప్పావు?"

మళ్లీ మొదటినుంచి చూపిద్దామని విప్పాను అంటే సరిపోయేది. ఆ జవాబు నాలుక మీదికి వచ్చి కూడా నిలబడింది. దారాలత్త సూదిని గుడ్డకు గుచ్చి, చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది.

"ఆ రోజు కూడా విప్పానురా."

తర్వాత అన్నీ చెప్పింది. డాట్లు పొరపాటున పడటం, అన్నగారి అరచెయ్యి, తల్లి లాగిన తెర, తన సిగ్గు, చివరికి 'చేసేవాడండీ' అన్న ముక్క. ఒక్కటీ మిగల్చలేదు. కెమెరామనిషి ఆపాలా అన్నట్టు అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి చెంపల మీద నీళ్లు కారుతున్నా ఆపమని చెప్పలేదు.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు డిజైనర్.

"ముందు నువ్వు ఏడుస్తున్నావు. ఆ తర్వాత నన్ను పొగుడుతున్నావు. రెంటికీ మధ్యన నాకు సందు దొరకలేదు."

అతను వచ్చి బొమ్మ మీద గుడ్డను వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "విప్పేటప్పుడు నీ చెయ్యి వణికిందా?"

వణికిందంటే వాడు గట్టెక్కుతాడు. ఆ ఒక్క వణుకును పట్టుకుని ఇంకో కథ అల్లుకుని బతుకుతాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. అంతకంటే సులువైన అబద్ధం ఇంకొకటి ఉండదు.

"లేదు. మంచి కుట్టే పడింది."

అతను తలుపు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మూడురోజులు పనిగదికి రాలేదు. ఎప్పుడొస్తారని ఆడపిల్లలు అడిగితే, వాడు రాగానే మీ అందరినీ పిలిచి చెబుతాడులే అని కసిరింది. కసిరిన ఆ గొంతులో బలం లేదని వాళ్లకు కూడా తెలిసిపోయింది. ఆ మూడురోజులూ ట్రయల్ గదిలో చప్పుడు కూడా లేదు. ఉన్నప్పటికంటే లేనప్పుడే ఆమెకు ఎక్కువ భయం వేసింది. రెండుసార్లు లేచి వెళ్లి తెర తీసి చూసింది, పొడుగమ్మా అని ఒకసారి పిలిచింది కూడా. నిజం చెబితే గుండె తేలికవుతుందని అన్నవాళ్లెవరో గానీ, వాళ్లు ఎప్పుడూ నిజం చెప్పి ఉండరని అనుకుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు కిందికి దిగాక అతను వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. స్టూలు లాక్కుని ఆమె కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె అలవాటు కొద్దీ తిన్నావా అని అడగబోయి, అడిగే హక్కు ఇంకా ఉందో లేదో తెలియక ఊరుకుంది.

"నన్నెవరూ ఆపలేదు అత్తా," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"ఆ రోజు గేటు దగ్గర. రానివ్వలేదని అందరికీ చెప్పుకున్నాను కదా. అది నిజం కాదు. నువ్వు కోటు పట్టుకుని లోపలికి వెళ్లాక వాళ్లన్నయ్యే బయటికొచ్చాడు. ఎవరు బాబూ నువ్వు, మా వాడికి తెలిసినవాడివా, లోపలికి రా అన్నాడు. బాగానే పిలిచాడు." అతను ఆగి, అరచేతులు మోకాళ్లకు రుద్దుకున్నాడు. "వెళితే అందరూ నన్నూ అక్కలాంటివాణ్నే అనుకుంటారని భయం వేసింది. కాదండీ, దారిన పోతున్నాను, ఆయనెవరో నాకు తెలీదు అన్నాను. ఆయన అన్నాను అత్తా."

దారాలత్త అతని మొహం వైపు చూసింది. ఇరవై ఎనిమిదేళ్లు తనను దేవతను చేసి ఊరేగించిన మొహం. దాని వెనక ఏముందో ఒక్కసారి కూడా అనుమానించలేదు. తన దొంగతనం దాచుకునే తొందరలో ఎదుటివాడి మొహం చూడటం ఎవరికి గుర్తుంటుంది.

"మరి నా గురించి అంత కథ ఎందుకు చెప్పుకున్నావురా?"

"మనిద్దరిలో ఒక్కరైనా ఆ రోజు అక్క పక్కన నిలబడి ఉండాలి కదా. నేను నిలబడలేదు. అందుకని నిన్ను నిలబెట్టాను."

ఆమె నోరు తెరిచింది, తిట్టడానికో ఓదార్చడానికో ఆమెకే తెలియదు.

"అయితే ఆ ఇంట్లో పొడుగమ్మకు ఎవరూ లేరన్నమాట."

"లేరు," అన్నాడు అతను.

కెమెరా అమ్మాయిని రేపు మళ్లీ రమ్మన్నానని, తనది కూడా చెప్పేస్తానని అన్నాడు. ఆమె తల ఊపింది. కింద భోజనాలు ముగించిన ఆడపిల్లలు నవ్వుకుంటూ మెట్లెక్కి వస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.